ఫ్రీమాంట్ అంచున మూకీల ఊరు

సంపాదకులకు నమస్కారం.

వేసవి వస్తే చాలు, అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులు ఏమేం చూడాలో చెప్పే వ్యాసాలు తెలుగు పత్రికల్లో మొదలవుతాయి. శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల అనగానే గోల్డెన్ గేట్ వంతెన, లివర్‌మోర్ గుడి, ఏదో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ బోర్డు ముందు ఫొటో. అంతటితో సరి. అలా వచ్చేవాళ్ళలో ఎంతోమంది దిగేది ఫ్రీమాంట్‌లో. అపార్ట్‌మెంటు, గుడి, ఇండియా కొట్టు మధ్య రెండు మూడు నెలలు తిరిగి, పొద్దుపోలేదని విసుక్కుని విమానమెక్కుతారు. అదే ఫ్రీమాంట్ ఈశాన్యపు అంచున నైల్స్ అనే చిన్న పేట ఉంది. 1912 నుంచి 1916 వరకు అక్కడ 350కి పైగా మూకీలు తయారయ్యాయి. చార్లీ చాప్లిన్ అక్కడ పనిచేశాడు. సినిమా అంటే ప్రాణం పెట్టే మనవాళ్ళు దీన్ని చూడకుండా తిరిగొచ్చేయడం మాకు మింగుడు పడదు. అందుకే ఈ ఉత్తరం. కాస్త పెద్దదే, ఓపిక పట్టండి.

ముందు ఒక జాగ్రత్త. ఫోనులో 'నైల్స్' అని కొడితే మిషిగన్‌లో ఒకటి, షికాగో పక్కన ఇల్లినాయ్‌లో ఇంకొకటి కూడా వస్తాయి. ఈ సినిమా కంపెనీ ప్రధాన కార్యాలయం షికాగోలోనే ఉండేది కాబట్టి తికమక ఇంకా ఎక్కువ. మేం చెబుతున్నది కాలిఫోర్నియా నైల్స్. 1956 జనవరిలో సెంటర్‌విల్, ఇర్వింగ్టన్, మిషన్ శాన్ హోసే, వార్మ్ స్ప్రింగ్స్, నైల్స్ అనే అయిదు ఊళ్ళు కలిసి ఫ్రీమాంట్ నగరమయ్యాయి. ఆ అయిదింటిలో పాత బజారు రూపు బాగా నిలబెట్టుకున్నది నైల్సేనని మా లెక్క. వెనక కొండ మీద పెద్ద తెల్లని అక్షరాలతో ఊరి పేరు రాసి ఉంటుంది, దూరం నుంచే కనిపిస్తుంది.

అలమీడా వాగు కొండల్లోంచి మైదానంలోకి దిగే చోట ఈ ఊరు వెలిసింది. ఆ నీటి మీద వయేహో కుటుంబం పిండిమర నడిపింది కాబట్టి మొదట్లో దీన్ని వయేహో మిల్స్ అనేవారు. 1869లో అమెరికా తూర్పు పడమరలను కలిపిన రైలు మార్గంలో చివరి భాగం ఈ కనుమ గుండానే సముద్రం వైపు వచ్చింది. రైలు కంపెనీ న్యాయవాదిగా పనిచేసి, తర్వాత రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయిన అడిసన్ నైల్స్ పేరు స్టేషనుకు, దాని మీదుగా ఊరికి వచ్చింది. రైలు లేకపోతే సినిమా కూడా ఇక్కడికి వచ్చేది కాదు.

1907లో షికాగోలో జార్జ్ స్పూర్, గిల్బర్ట్ ఆండర్సన్ కలిసి ఎస్సనే అనే కంపెనీ పెట్టారు. స్పూర్‌ది వ్యాపారం, ఆండర్సన్‌ది కెమెరా ముందు, వెనక పని. ఆండర్సన్ అసలు పేరు మాక్స్ ఆరన్సన్. 1903లో వచ్చిన పేరుమోసిన రైలు దోపిడీ సినిమాలో చిన్న వేషాలు వేశాడు, అప్పటికి గుర్రం మీద సరిగా కూర్చోవడం కూడా రాదు. అదే మనిషి తర్వాత 'బ్రాంకో బిల్లీ' పేరుతో కౌబాయ్ సినిమాలకు తొలి స్టార్ అయ్యాడు. ఒకే పాత్ర పేరు మీద వారం వారం కొత్త బొమ్మ విడుదల చేయడం, జనం ఆ పేరు చూసి టికెట్టు కొనడం అనే అలవాటును గట్టిపరచిన వాళ్ళలో ఆయన ఒకడు. 1958లో ఆస్కార్ వాళ్ళు గౌరవ పురస్కారం ఇచ్చేనాటికి ఆయన్ని దాదాపు అందరూ మరిచిపోయారు.

సినిమా యంత్రాల పేటెంట్లు గుప్పిట్లో పెట్టుకున్న ఎడిసన్ పంపే గూండాలకు భయపడి నిర్మాతలంతా పడమటికి పారిపోయారని ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. నైల్స్ విషయంలో అది పనికిరాదు. ఎస్సనే 1908 నుంచి ఎడిసన్‌తో కలిసి కొన్ని కంపెనీలు పెట్టుకున్న పేటెంట్ల కూటమిలో సభ్యురాలు. పారిపోవాల్సిన అవసరమే లేదు. ఇక్కడికి రావడానికి కారణాలు చాలా మామూలువి. షికాగోలో చలికాలమంతా మబ్బు, మంచు. ఇక్కడ సముద్రం మీది పొగమంచు శాన్‌ఫ్రాన్సిస్కోను కప్పేసినా కొండల వైపు ఎండ దొరుకుతుంది. కౌబాయ్ బొమ్మకు కావలసిన కొండవాలు, వాగు, దుమ్ము రోడ్డు, పశువుల బయళ్ళు, రైలుపట్టా అన్నీ కనుమ మొదటి కొన్ని మైళ్ళలోనే ఉన్నాయి. మనుషులు, సామాను దిగడానికి స్టేషన్ ఊరి నడిబొడ్డునే ఉంది. 1912 వసంతంలో ఆండర్సన్ బృందం దిగింది, 1913కల్లా సొంత స్టూడియో కట్టుకుంది. నటులకూ పనివాళ్ళకూ రెండో వీధిలో చిన్న చిన్న ఇళ్ళు వేశారు.

అప్పటి పని పద్ధతి తెలిస్తే ఆ సినిమాలు చూడటంలో రుచి పెరుగుతుంది. ఒక బొమ్మ అంటే సాధారణంగా ఒక రీలు, వెయ్యి అడుగుల 35 మిల్లీమీటర్ల ఫిల్ము. అడుగుకు 16 ఫ్రేములు, అంటే రీలుకు 16,000. కెమెరాకు మోటారు లేదు, చేత్తో తిప్పాలి. పిడి ఒకసారి తిప్పితే 8 ఫ్రేములు నడుస్తాయి, సెకనుకు రెండుసార్లు తిప్పితే 16. కెమెరామన్ మనసులో తాళం వేసుకుంటూ చేయి తిప్పేవాడు. చేయి తడబడితే వెలుగు కూడా మారుతుంది, ఎందుకంటే నెమ్మదిగా తిప్పినప్పుడు ప్రతి ఫ్రేముకూ ఎండ ఎక్కువసేపు తగులుతుంది. పాత మూకీల్లో ఒకే షాట్‌లో బొమ్మ ఉన్నట్టుండి తెల్లబడి మళ్ళీ మామూలవడం కనిపిస్తే దానికి ఒక కారణం ఇదే.

దీపాలు తక్కువ, ఎండే దిక్కు. ఇంటి లోపలి సన్నివేశాలు సైతం పైకప్పు లేని సెట్టులో, మీద తెల్లని పల్చటి గుడ్డ తెరలు లాగి తీసేవారు. గుడ్డ లేకపోతే ముక్కు నీడ పెదవి మీద పడి మొహం చెడుతుంది. గుడ్డ ఉన్నా గాలి ఆగదు. అందుకే ఆనాటి బొమ్మల్లో మూసి ఉన్న గదిలో బల్ల మీది గుడ్డ, కిటికీ తెర రెపరెపలాడుతుంటాయి. ఫిల్ము కూడా ఎరుపును పట్టేది కాదు. ఎర్ర పెదవులు నల్లగా పడతాయి, నీలాకాశం తెల్లకాగితంలా ఖాళీ అయిపోతుంది, నీలికళ్ళు పాలిపోతాయి. నటులు మొహానికి అంత మందంగా తెల్లరంగు పూసుకున్నది అందం కోసం కాదు, మామూలు చర్మంలోని ఎరుపు మరకల్లా కనిపించకుండా ఉండటానికి.

ఇక చాప్లిన్. ఆయన గురించి నైల్స్‌తో ముడిపెట్టి చెప్పే మాటల్లో సగం సరిదిద్దాల్సినవే. ట్రాంప్ వేషం పుట్టింది ఇక్కడ కాదు. చిన్న కోటు, జారే ప్యాంటు, చేతికర్ర, మీసం 1914లోనే, ఆయన కీస్టోన్ కంపెనీలో ఉండగా తెర మీదికి వచ్చాయి. ఆ కంపెనీ వారానికి 175 డాలర్ల దాకా ఇచ్చేది. ఎస్సనే 1,250 డాలర్లు, పైన 10,000 డాలర్ల బోనస్ ఒప్పుకుని తీసుకెళ్ళింది. మొదటి బొమ్మ షికాగోలో తీశాడు, ఆ చలీ అక్కడి పద్ధతులూ నచ్చలేదు, 1915 జనవరిలో నైల్స్‌కు చేరాడు. ఏప్రిల్ వచ్చేసరికి లాస్ ఏంజిలిస్‌కు వెళ్ళిపోయాడు. అంటే ఉన్నది నెలల లెక్కే, ఏళ్ళ లెక్క కాదు. ఎస్సనేకు చేసినవన్నీ ఇక్కడివీ కావు. నైల్స్ కేంద్రంగా తీసినవి అయిదు: 'ఎ నైట్ ఔట్', 'ద చాంపియన్', 'ఇన్ ద పార్క్', 'ఎ జిట్నీ ఎలోప్‌మెంట్', 'ద ట్రాంప్'. వీటిలోనూ కొన్ని దృశ్యాలు శాన్‌ఫ్రాన్సిస్కోకు వెళ్ళి తీసుకొచ్చారు. నాలుగోదానిలో కార్లు తరుముకునే చోట వెనక కనిపించే పెద్ద గాలిమర అక్కడి గోల్డెన్ గేట్ పార్కుది.

అయితే నైల్స్ ఘనత ఏమిటి? ఈ కొద్ది నెలల్లో ఆయన హాస్యం మారింది. అంతకుముందు తన్నులు, పరుగులు, పడిపోవడాలు. 1915 ఏప్రిల్ 11న విడుదలైన 'ద ట్రాంప్'లో తాను మనసుపడ్డ అమ్మాయి తనది కాదని తెలిశాక మూట భుజాన వేసుకుని, కెమెరాకు వీపు పెట్టి, దుమ్ము రోడ్డు మీద నడిచి వెళ్ళిపోతాడు. భుజాలు వాలి ఉంటాయి. కొంత దూరం పోయాక ఒళ్ళు విదిలించుకుని, కాలు ఎగరేసి, హుషారుగా నడక అందుకుంటాడు. నవ్వించేవాడు చివర్లో ఒంటరిగా మిగిలిపోవడం అప్పటి కామెడీలకు కొత్త. ఆ రోడ్డు నైల్స్ కనుమలోది. తర్వాత ఎన్ని దేశాల్లో, ఎంతమంది హాస్యనటులు ఆ నడకను అరువు తెచ్చుకున్నారో మనకు తెలుసు. మన తెలుగు తెర దానికి మినహాయింపు కాదు.

ఎడ్నా పర్వియన్స్ ఆయన పక్కన మొదటిసారి కనిపించింది 'ఎ నైట్ ఔట్'లో. 1923 దాకా ఆయన నాయిక ఆమె. మెల్లకన్ను బెన్ టర్పిన్ కూడా ఇక్కడ ఆయనతో చేశాడు. మాకు వీళ్ళకంటే ఇష్టమైన పేరు రోలీ టోథెరో. నైల్స్ ఎస్సనేలో కెమెరా తిప్పడం నేర్చుకున్న ఈ మనిషి 1916 నుంచి ముప్పై ఏళ్ళకు పైగా చాప్లిన్ కెమెరా పట్టాడు. స్టూడియో పోయినా ఒక పనివాడి చేతిలో నైల్స్ అంతకాలం బతికిందన్నమాట.

1915 ఆఖరుకు చాప్లిన్ ఒప్పందం ముగిసింది. ఇంకో కంపెనీ వారానికి 10,000 డాలర్లు, 1,50,000 బోనస్ ఇస్తానంటే వెళ్ళిపోయాడు. జనం అయిదారు రీళ్ళ పెద్ద సినిమాలకు అలవాటుపడ్డారు, వారానికో ఒక రీలు బొమ్మ పాతబడింది. మొదటి ప్రపంచయుద్ధం వల్ల యూరప్ మార్కెట్ కుంచించుకుపోయింది. పేటెంట్ల కూటమికి వ్యతిరేకంగా 1915లో కోర్టు తీర్పు వచ్చింది. ఆండర్సన్ తన వాటా స్పూర్‌కు అమ్మేశాడు. 1916 ఫిబ్రవరిలో నైల్స్ స్టూడియో మూతబడింది. ఆ కట్టడాన్ని 1933లో పడగొట్టారు.

మరి చూడటానికి ఏముంది అంటారా? నైల్స్ బులెవార్డ్ మీద 37417 నంబరులో 1913 నాటి ఎడిసన్ థియేటర్ ఉంది. ఇప్పుడది నైల్స్ ఎస్సనే మూకీ చిత్రాల మ్యూజియం. ముందు గదిలో పాత కెమెరాలు, ప్రొజెక్టర్లు, పోస్టర్లు. వెనక అప్పటి హాలు. నడిపేది వాలంటీర్లు, అందువల్ల వారం మధ్యలో వెళితే తాళం కనిపిస్తుంది. శని, ఆదివారాల మధ్యాహ్నం వెళ్ళాలి, బయలుదేరే ముందు వాళ్ళ కాలెండర్ చూసుకోవాలి. అసలు చూడాల్సింది శనివారం రాత్రి ఆట. ప్రొజెక్టర్ మీద ఫిల్ము తిరుగుతుంటే తెర పక్కన పియానో వాయిస్తారు. వాయించేవాళ్ళు తెర మీద జరిగేదాన్ని చూస్తూ అప్పటికప్పుడు అందుకుంటారు. ఇంగ్లీషు రాని అమ్మమ్మా తాతయ్యలను మల్టీప్లెక్సుకు తీసుకెళ్ళి సబ్‌టైటిల్స్ చదివి వినిపించే కన్నా ఇది ఎంతో నయం. బొమ్మ మధ్యలో తెర మీద వచ్చే మాటల అట్టల మీది రెండు ముక్కలు పక్కవాళ్ళు చెవిలో చెబితే చాలు. వేసవిలో బ్రాంకో బిల్లీ పేరుతో ఉత్సవం చేస్తారు, అప్పుడు కుర్చీలు ముందే నిండుతాయి.

వెళ్ళడం తేలిక. ఫ్రీమాంట్ బార్ట్ (ఇక్కడి లోకల్ రైలు) స్టేషన్ నుంచి సుమారు మూడు మైళ్ళు. కారులో అయితే మిషన్ బులెవార్డ్ మీంచి నైల్స్ బులెవార్డ్‌లోకి తిరిగి రైలు వంతెన కింది నుంచి రావాలి. మెయిన్ బజారు మొత్తం నడిచేంతే. మధ్యాహ్నం మూడింటికి చేరుకుంటే మ్యూజియం, పాత రైల్వే డిపో, ఆ ఎదురుగా ఉన్న పురాతన వస్తువుల కొట్లు అయిపోతాయి. రెండో వీధిలో సినిమా వాళ్ళ కోసం కట్టిన ఇళ్ళు కొన్ని ఇంకా ఉన్నాయి. వాటిలో మనుషులు కాపురం ఉంటున్నారు, రోడ్డు మీంచి చూసి రావాలి, గేటు దగ్గర నిలబడి ఫొటోలు దిగకూడదు. సాయంత్రం బే (శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం) వైపు నుంచి గాలి కొడుతుంది. జూలైలోనైనా పెద్దవాళ్ళకు స్వెట్టరు ఉండాలి.

కనుమ చూడాలంటే మాత్రం ఒక హెచ్చరిక. దానిలోంచి పోయే 84వ నంబరు రోడ్డు ఇరుకు, మలుపులెక్కువ, చాలాచోట్ల పక్కన ఆపే జాగా లేదు. చాప్లిన్ నడిచిన రోడ్డని కారు ఆపి దిగడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. పైగా ఆనాటి మట్టిరోడ్డు ఈ తారురోడ్డు కాదు. హాయిగా చూసే దారి నైల్స్ కనుమ రైలు. 1988 నుంచి రైలు అభిమానులు పాత పట్టాల మీద సునోల్, నైల్స్ మధ్య పాత ఇంజన్లతో నడుపుతున్నారు. ఎక్కువగా వారాంతాల్లోనే ఉంటుంది, చాలా రోజులు ఎక్కాల్సింది సునోల్‌లో. ఏ స్టేషనో టికెట్టు కొనేటప్పుడే చూసుకోండి. నవంబరు ఆఖరు నుంచి దీపాల రైలు వేస్తారు, దానికి టికెట్లు త్వరగా అయిపోతాయి. నడవగలిగినవాళ్ళకు వాగు గట్టు మీద కనుమ ముఖం నుంచి బే దాకా పన్నెండు మైళ్ళ బాట ఉంది. అంతా నడవక్కర్లేదు, మొదటి మైలు చాలు.

ఇంట్లో యూట్యూబ్‌లో చూసేవాళ్ళకు ఇంకో సంగతి చెప్పాలి. మూకీ అంటే మనుషులు గబగబా, కీ ఇచ్చిన బొమ్మల్లా తిరిగేదని మనలో చాలామందికి స్థిరపడిపోయింది. అది తీసినవాళ్ళ తప్పు కాదు, చూపించినవాళ్ళది. టాకీలు వచ్చాక శబ్దం కోసం వేగాన్ని సెకనుకు 24 ఫ్రేములకు బిగించారు. పదహారు మీద తీసినదాన్ని ఇరవైనాలుగు మీద నడిపితే ఒకటిన్నర రెట్లు వేగం. 16 నిమిషాల 40 సెకన్లు నడవాల్సిన వెయ్యి అడుగుల రీలు 11 నిమిషాల పైచిలుకులో అయిపోతుంది. టీవీలవాళ్ళు, క్యాసెట్లవాళ్ళు దశాబ్దాల పాటు అలాగే చూపించారు. అలా గబగబా కనిపించే కాపీ దొరికితే సెట్టింగుల్లో వేగాన్ని 0.75 పెట్టండి, అది 18 ఫ్రేములకు సమానం, నడక మనిషి నడకలా ఉంటుంది. కొత్తగా బాగుచేసిన కాపీలకు ఇది అక్కర్లేదు, వాళ్ళే సరిచేసి ఉంటారు. అన్నిటినీ కచ్చితంగా పదహారుకు తేవడమూ పొరపాటే. కామెడీల్లో తరిమే దృశ్యాలను కావాలనే నెమ్మదిగా తిప్పి తీసేవారు, తెర మీద వేగంగా కనిపించాలని. హాళ్ళలోనూ తీసినదానికంటే కాస్త వేగంగానే నడిపేవారు. ఎవరైనా నీళ్ళు పోయడం, వస్తువు కింద పడటం చూసి వేగం నిర్ణయించుకోవాలి. అవి సహజంగా ఉంటే మిగతాదీ సరిగ్గా ఉన్నట్టే.

నెమ్మదిగా నడిపితే తెర మిణుకుమంటుంది కదా అని మన పాత ఆపరేటర్లు అడుగుతారు. నిజమే. టాకీ ప్రొజెక్టర్‌లో వెలుగును ఆపుతూ వదులుతూ తిరిగే షట్టర్‌కు రెండు రెక్కలు, 24 ఫ్రేముల మీద సెకనుకు 48 మిణుకులు, కన్ను పట్టదు. అదే షట్టర్‌తో 16 నడిపితే 32 మాత్రమే, తల నొప్పి పుడుతుంది. మూకీకి మూడు రెక్కల షట్టర్ కావాలి, అప్పుడు మళ్ళీ 48. నైల్స్ లాంటి చోట 16 మిల్లీమీటర్ల ప్రింట్లు వాడటానికి కూడా లెక్క ఉంది. దానిలో అడుగుకు 40 ఫ్రేములు, కాబట్టి 400 అడుగుల చిన్న చుట్టలో వెయ్యి అడుగుల పెద్ద రీలంత బొమ్మ పడుతుంది. పైగా అది తేలిగ్గా అంటుకోని ఫిల్ము. 1950ల మొదటి దాకా 35 మిల్లీమీటర్లలో వాడినది నైట్రేట్. అది అంటుకుంటే కాలడానికి కావలసిన ఆక్సిజన్ అదే పుట్టించుకుంటుంది, ఇసుక పోసినా, నీళ్ళలో ముంచినా ఆరదు. ఆ రోజుల్లో ఆపరేటర్ గదికి లోపల రేకు కొట్టి, కిటికీకి మంటల్లో తనంతట తానే పడిపోయే ఇనుప తలుపు పెట్టింది అందుకే.

ఇదంతా తెలుగు పత్రికకు ఎందుకు రాస్తున్నామంటే, స్టూడియో పడగొట్టి తొంభై ఏళ్ళు దాటినా నైల్స్ సినిమా ఊరుగా నిలిచింది. నిలిపినవి ఒక పాత హాలు, కొన్ని ఇళ్ళు, ఒక ప్రొజెక్టర్, శనివారం రాత్రి ఆట. మన దగ్గర 1936లో రాజమహేంద్రవరంలో దుర్గా సినీటోన్ స్టూడియో వెలిసింది, తెలుగు నేల మీద తొలి స్టూడియోగా చెప్పుకుంటాం. మచిలీపట్నంలో పుట్టిన రఘుపతి వెంకయ్య కుటుంబం 1921లోనే మూకీ తీసింది. ఆయన పేరు మీద ప్రభుత్వ పురస్కారం ఇస్తున్నాం. ఆ మూకీ చూద్దామంటే మాత్రం దొరకదు. మనవాళ్ళకు సినిమా చోటు మీద ప్రేమ లేదా అంటే ఉంది. గోదావరి ఒడ్డున కుమారదేవంలో వందల సినిమాల్లో కనిపించిన నిద్రగన్నేరు చెట్టు 2024 ఆగస్టులో కూలినప్పుడు ఎంతమంది బాధపడ్డారో, దాన్ని బతికించడానికి ఎలాంటి ప్రయత్నాలు జరిగాయో మీరే రాశారు. చెట్టుకు చేసిన దానిలో పదోవంతు పాత టాకీసుకు, రీలు డబ్బాకు చేస్తే చాలు.

శనివారం మూకీ ఆట మన ఊళ్ళో పెట్టడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. వంద కుర్చీల హాలు, ఒక ప్రొజెక్టర్, ఒక హార్మోనియం లేదా వయొలిన్, తబలా చాలు. మూకీల రోజుల్లో మన దేశంలో తెర పక్కన నిలబడి కథ చెప్పే మనిషి ఉండేవాడు. మన హరికథకుల్లో ఎవరైనా ఆ పని అవలీలగా చేస్తారు. హక్కుల చిక్కూ తక్కువే. మన చట్టం ప్రకారం విడుదలైన ఏడాది తర్వాతి జనవరి నుంచి 60 ఏళ్ళు నిండితే సినిమా మీద హక్కు తీరిపోతుంది. కొత్తగా చేర్చిన సంగీతం, బాగుచేసిన కాపీ విషయంలో వేరే షరతులు ఉండవచ్చు, అవి అడిగి తెలుసుకోవాలి.

అంతకన్నా తొందరగా చేయాల్సింది డబ్బాల సంగతి. డిజిటల్ వచ్చాక మూతబడిన మన టాకీసుల్లో ఇప్పటికీ అటక మీద, ఆపరేటర్ గదిలో, ఎగ్జిబిటర్ల ఇళ్ళలో రీళ్ళు పడి ఉన్నాయి. వాటిలో ఎక్కువ నైట్రేట్ తర్వాత వాడుకలోకి వచ్చిన ఎసిటేట్ ఫిల్ము. మన వేడికి, తేమకు అది కుళ్ళడం మొదలుపెడితే వెనిగర్ వాసన వస్తుంది. ఆ ఆవిరి పక్క రీలుకూ అంటుకుని దాన్నీ చెడగొడుతుంది. కాబట్టి వాసన వచ్చేదాన్ని ముందు విడిగా పెట్టాలి. గాలి ఆడకుండా ప్లాస్టిక్ కవరులో చుట్టడం, డాబా మీద ఇనప్పెట్టెలో దాచడం మంచి చేయబోయి చెడు చేయడమే. ఇంట్లో అన్నిటికంటే చల్లగా, పొడిగా ఉండే గదిలో, నేల మీద కాకుండా అర మీద, డబ్బాలు పడుకోబెట్టి పేర్చాలి. ఒక్కసారి చూద్దామని ప్రొజెక్టర్‌కు ఎక్కించొద్దు. కుంచించుకుపోయిన ఫిల్ము రంధ్రాలు పళ్ళకు సరిపోవు, మొదటి నిమిషంలోనే చిరుగుతుంది. గట్టిగా లాగి చుట్టడం కూడా వద్దు. డబ్బా తెరిస్తే ఫిల్ము జిగటగా, తేనెలాంటి నురుగుతోనో, గోధుమరంగు పొడితోనో ఉంటే అది నైట్రేట్ కావచ్చు. మంటకు, పొయ్యికి, కరెంటు మీటరుకు దూరంగా పెట్టి వెంటనే తెలిసినవాళ్ళను పిలవాలి, చెత్తలో వేయకూడదు, కాల్చకూడదు. రంగు సినిమా మొత్తం గులాబీ రంగుకు తిరిగిపోయినా పారేయొద్దు. రంగు పోయిందే కానీ బొమ్మ ఉంది, డిజిటల్‌లో కొంత తిరిగి వస్తుంది.

పుణెలో 1964 నుంచి జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పనిచేస్తోంది, ఇలాంటివి తీసుకునేది వాళ్ళే. కానీ ఊరూరా అటకలు వెతకడం వాళ్ళ వల్ల అయ్యే పని కాదు. అది మీ జిల్లా ఎడిషన్ల వల్ల అవుతుంది. పాత టాకీసుల యజమానులనూ ఆపరేటర్లనూ ఒక చిన్న ప్రకటనతో అడగమని మా మనవి. సినిమా పేరు, మొత్తం రీళ్ళలో ఎన్ని ఉన్నాయి, మొదటి రీలు ఉందా, వెనిగర్ వాసన వస్తోందా, డబ్బా తుప్పు పట్టిందా అన్న అయిదు ప్రశ్నలు చాలు. మొదటి రీలు సంగతి ప్రత్యేకంగా అడగండి, సెన్సార్ సర్టిఫికెట్టు ఉండేది దాని మొదట్లోనే. పేరు చిరిగిపోయిన డబ్బా ఏ సినిమాదో తేలేది ఆ సర్టిఫికెట్టు చూసే.

ఇట్లు,
ఫ్రీమాంట్, కాలిఫోర్నియా నుంచి కొందరు తెలుగు పాఠకులు